టేపు కొసన మడత

పుల్లాయన రాగితీగ ముక్కతో పళ్లు కుట్టుకుంటున్నాడు. అది మా రాగి. మేం కోసి పడేసిన ముక్కల్లోంచి ఒకటి ఏరుకుని, కొస వంచి, దవడ పళ్ల సందులో దూర్చాడు. బయటికి తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. మళ్లీ దూర్చాడు. ఆయన మా పని తనిఖీ చెయ్యడానికి వచ్చిన అధికారి. నోట్లో ఎప్పుడూ ఏదో ఒక పుల్ల ఉంటుంది కనక మా వాళ్లందరికీ ఆయన పుల్లాయనే. మెయిన్ బోర్డు ముందు నిలబడి, పంటిలోంచి వచ్చినదాన్ని నాలుకతో చప్పరించి, "బాగుంది, బాగుంది" అన్నాడు. బోర్డును మెచ్చుకున్నాడో ఆ తునకను మెచ్చుకున్నాడో నాకు అర్థం కాలేదు.

"మా చేతి పని మీకు కొత్తా సార్?" అని మామయ్య చేతులు నలుపుకుంటూ నవ్వారు.

కరెంటు కాంట్రాక్టు మా మామయ్యది. ఆయన, మా ఆయన, నేను, ముగ్గురం పనిచేస్తాం. నేను కోడలిగా వచ్చి పని నేర్చుకున్నదాన్ని కాను. పని నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, ఆ తర్వాత కోడలినయ్యాను. ఈ తేడా మా ఇంట్లో నేను తప్ప ఎవరూ గుర్తుపెట్టుకోరు.

మేం నిలబడ్డది ఒక పెద్ద లాండ్రీ వెనక గదిలో. ఆసుపత్రుల దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు ఉతికే చోటు. అక్కడ నేల ఎప్పుడూ తడే. ఆడవాళ్లు మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకుని, తడి చేతులతోనే ఉక్కు మిషన్ల మూతలు తెరుస్తారు, మూస్తారు. కొత్తగా పెద్ద మిషన్లు దించారు, వాటికి పాత లైన్ ఆనదు. అందుకని మూడింతల లైన్ తెప్పించి, కొత్త మెయిన్ బోర్డు కట్టే పని మాకిచ్చారు. పొద్దున పాత లైన్ ఊడదీశాం. అప్పటినుంచీ మిషన్లు ఆగిపోయి ఉన్నాయి. రోగుల పక్కల మీంచి వచ్చిన దుప్పట్లు తలుపు దాకా గుట్టలు పడి, వాటి నెత్తురు మరకల మీద ఈగలు ముసిరాయి.

లాండ్రీ నడిపే ఆవిడ అరగంటకోసారి తొంగిచూస్తోంది. ఎప్పుడూ ఆవిరిలో నిలబడి ఉంటుంది కనక ఆమెను అందరూ ఆవిరమ్మ అంటారు. "ఎప్పుడిస్తారయ్యా కరెంటు? ఆ కుప్ప చూడండి, దానంతటదే లేచి నడిచేలా ఉంది."

"ఇదిగో, అయిపోయింది పెద్దమ్మా. లైన్‌మన్ రావడమే తరువాయి" అన్నారు మామయ్య.

మెయిన్ స్విచ్ పిడికి మూడు తాళాలు వేలాడుతున్నాయి. ఇది మామయ్య పెట్టిన పద్ధతి. ఆయన గురించి నేనేం తిట్టినా, ఇది మంచి పద్ధతి. పనిచేసే ప్రతి మనిషీ తన తాళం తాను వేసుకుంటాడు, తాళంచెవి తన జేబులోనే ఉంచుకుంటాడు. నా పని అయింది, ఇందులో తప్పు లేదు, ఇక కరెంటు ఇవ్వొచ్చు అని తన మనసు ఒప్పుకున్నాకే తాళం తీస్తాడు. ఒక్క తాళం మిగిలినా స్విచ్ పైకి లేవదు. ఇత్తడిది మామయ్యది, ఎర్రది మా ఆయనది, నీలం రిబ్బను కట్టినది నాది.

బోర్డు కింది నుంచి బొటనవేలంత లావు రాగితీగ ఒకటి బయటికొచ్చి, గోడ వెంట నిటారుగా వెళ్లి, మూలన ఉన్న చెక్క పలకలోని రంధ్రంలోంచి అవతలికి పోయింది. అది భూమికి దించే తీగ. ఆ పలక వెనక ఇరుకు సందు ఉంది. సందు చివర నేలలోంచి ఇనుప నీళ్ల పైపు పైకి వస్తుంది. తీగ వెళ్లి ఆ పైపును పట్టుకోవాలి. ముందురోజు నేను వేరే చోట పనిలో ఉండగా ఈ భాగం తండ్రీకొడుకులు పూర్తి చేశారు. గోడ మీద తీగను చూస్తే ముచ్చటేసింది. ఒక్క వంకర లేదు, మేకులన్నీ సమానంగా ఉన్నాయి.

"పైపు దాకా ఇదేనా?" అని మా ఆయన్ని అడిగాను.

"ఆఁ" అన్నాడు. నా వైపు చూడలేదు. స్క్రూడ్రైవర్ తుడుచుకుంటున్నాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

నేను పట్టించుకోలేదు, ఎందుకంటే అప్పటికి నా ముక్కు వేరే పనిలో ఉంది. గదిలో ఒక కంపు. దుప్పట్లది కాదు, బ్లీచింగ్ నీళ్లది కాదు. తియ్యగా, చిక్కగా, గొంతులో అంటుకునే కంపు. ఆవిరమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మళ్లీ వచ్చింది.

"నేను ముందే చెప్పాను, ఆ చెక్క వెనక ఎలుక చచ్చింది. ఇక్కడ పనిచేసే మా పిల్లల్లో ఇద్దరు వాంతి చేసుకున్నారు. రేపు ఉతికిన దుప్పట్లు ఇక్కడే మడతపెట్టాలి. ఎవరైనా తీసి పుణ్యం కట్టుకోండయ్యా!"

మగవాళ్లు ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పుల్లాయన ముక్కు మూసుకున్నాడు గానీ నోట్లో పుల్ల తియ్యలేదు. మామయ్య పైకప్పు చూశారు. మా ఆయన మాత్రం గబుక్కున, "కరెంటు వచ్చాక చూద్దాం పెద్దమ్మా, ఇప్పుడు పలక తీస్తే ఆలస్యమవుతుంది" అన్నాడు.

చచ్చిన ఎలుకను తియ్యడానికి ఎంతసేపు పడుతుంది? నాకు చిర్రెత్తుకొచ్చింది. ఈ ఇంటి మగవాళ్లు బల్లి తోక కనపడినా నన్నే పిలుస్తారు. చేతికి గ్లౌజులు తొడుక్కుని, పలక స్క్రూలు తీసేశాను. "వద్దే" అన్నాడు మా ఆయన వెనక నుంచి. సున్నితం కొద్దీ అన్నాడనుకున్నాను.

పలక ఊడగానే కంపు ముఖం మీద కొట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. టార్చి వేశాను. సందు నిండా బూడిదరంగు దూది. ఆరబెట్టే మిషన్లలోంచి ఎగిరిన బట్టల పొట్టు ఏళ్ల తరబడి పేరుకుపోయి గోడలకు అంటుకుంది, నేల మీద మోకాలెత్తు పరుపైంది. అగ్గిపుల్ల గీస్తే భగ్గుమనే సరుకు అది. ఆ దూదిలో గూడు కట్టుకుని, అందులోనే ఎలుక వెల్లకిలా పడి ఉంది. పొట్ట పగిలి ఉంది, పొట్టలో పురుగులు కదులుతున్నాయి. నేను పళ్లు బిగించి, తోక పట్టుకుని పైకెత్తాను. సగం వచ్చింది. మిగతా సగం కోసం వంగినప్పుడు, సరిగ్గా దాని పైన, నా ముక్కుకు జానెడు దూరంలో, తీగ కనపడింది.

బొటనవేలంత లావు తీగ రంధ్రంలోంచి లోపలికి వచ్చి, జానెడు దూరం పోయి, అక్కడితో ఆగిపోయింది. అక్కడ ఒక బిగింపు, దాని మీద నల్లటేపు. టేపు అవతలి వైపు నుంచి బయల్దేరింది పాత చిన్న లైన్ నాటి తీగ. చిటికెనవేలిలో సగం లేదు. అది దూదిలో మునిగి, తేలి, సందు చివర పైపు దాకా పోయింది. పైన పటారం లోన లొటారం అంటే ఇదే. కనపడినంత మేర లావు, కనపడని చోట సన్నం.

కానీ నా ఒళ్లు జలదరించింది తీగను చూసి కాదు. టేపు కొసను చూసి. చుట్టడం పూర్తయ్యాక ఎవరో కొసను లోపలికి చిన్నగా, గోరంత, మడత పెట్టారు.

ఆ మడత ఎవరిదో నాకు తెలుసు. పెళ్లికి ముందు నేను వేరే సంస్థలో ఉన్నప్పుడు, ఒక కట్టడంలో ఎవరో చేసిపోయిన పాత పనిని మార్చాల్సి వచ్చింది. మామూలుగా పాత టేపు ఊడదియ్యాలంటే గోళ్లు అరిగిపోతాయి, తిట్లు అయిపోతాయి. అక్కడ మాత్రం ప్రతి టేపుకీ కొసన మడత ఉంది. పట్టుకుని లాగితే సుతారంగా వచ్చేసింది. ఎవరయ్యా ఈ మహానుభావుడు అని వెతుక్కుంటూ వెళ్లి అడిగాను. "తర్వాత వచ్చేవాళ్ల గోళ్లు అరక్కూడదు కదండీ" అన్నాడు, సిగ్గుపడుతూ. ముఖం కూడా చూడని మనిషి కోసం ఇంత ఆలోచించేవాడు పెళ్లాం కోసం ఎంత ఆలోచిస్తాడో అనుకున్నాను. మా అమ్మతో, "నేను ఆ మడతను చేసుకుంటున్నానమ్మా, మనిషి దాంతోపాటు వస్తున్నాడు" అని చెప్పాను కూడా.

ఇప్పుడు ఆ మడత చచ్చిన ఎలుక మీద, అబద్ధం కొసన ఉంది. ఎంత పొందికగా పెట్టాడో!

ఎలుకను రెండు ముక్కలుగా సంచిలో వేసి బయటికొచ్చాను. పుల్లాయన, మామయ్య కిటికీ దగ్గరికి పారిపోయి ఉన్నారు. మా ఆయన నిలబడ్డచోటే ఉన్నాడు, తేలు కుట్టిన దొంగలా.

"రండి" అన్నాను. పెరటి వైపు నడిచాను. నా వెనకే వచ్చాడు. చెత్తడబ్బా మూత తెరిచి సంచి పడేసి, గ్లౌజులు దాని మీద పడేశాను.

"ఎవరు కట్టారది?"

"నాన్న చెప్పారు" అన్నాడు.

"ఎవరు చెప్పారని అడగలేదు."

నీళ్లు నమిలాడు. "ఆ సందులోకి దూరాలంటే... నువ్వు చూశావుగా ఎలా ఉందో. నాన్నేమో, పాత తీగ ఉండగా పాక్కుంటూ పోవడం ఎందుకురా, భూమాత ఆశపోతు కాదు అన్నారు. నీకు తెలుసుగా ఆయన సంగతి."

నాకు తెలుసు. భూమాత ఆశపోతు కాదు, సన్న తీగ చాలు అన్నది మా ఇంటి వేదం. మామయ్య పని మొదలుపెట్టిన కాలంలో అన్నీ చిన్న కొట్లు, నేలలో ఒక కడ్డీ పాతి తీగ కట్టడమే. కడ్డీకి నిజంగానే సన్న తీగ చాలు. మెయిన్ ఎంత లావైనా సరే, ఆ కడ్డీ చుట్టూ ఉన్న మట్టి అంతకంటే మింగలేదు. గొంతు సన్నగా ఉన్నవాడికి గరిటె పెద్దదైతే ఏం లాభం? కానీ ఊరంతా నేలలో పాకే ఇనుప పైపు అలా కాదు, దాని గొంతు పెద్దది. దానికి కట్టే తీగ లావును, బయటినుంచి వచ్చే మెయిన్ తీగల లావును బట్టి తేల్చాలి. మెయిన్ పెరిగితే ఇదీ పెరగాలి. అదీ బోర్డు నుంచి పైపు దాకా ఒకే ముక్కగా ఉండాలి, మధ్యలో అతుకు పనికిరాదు. మామయ్య మాటలోంచి కడ్డీ ఎప్పుడో జారిపోయింది, సన్న తీగ చాలు అన్నది మిగిలింది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆయనకు తెలియదనుకుని సరిపెట్టుకోవచ్చు. మా ఆయనకు తెలుసు. నాతోపాటు కూర్చుని పట్టికలు చదివినవాడు.

"బయట లైన్లో న్యూట్రల్ తెగిందనుకోండి, ఏమవుతుంది?" అని అడిగాను.

చెత్తడబ్బా మూత మూశాడు.

"చెప్పండి. పరీక్షలో రాశారుగా."

"లైన్లో తిరిగి వెళ్లాల్సిన కరెంటంతా పైపు దారి పడుతుంది."

"ఈ తీగలోంచి. ఆ దూదిలోంచి. తీగ కాలుతుంది, దూది అంటుకుంటుంది. ఒకవేళ అంటుకోకుండా తీగే తెగిపోయిందనుకోండి, అప్పుడు ప్రతి మిషను ఒంటికీ కరెంటొస్తుంది. తడి చేతులతో వాటిని పట్టుకునేది ఎవరు? మీ నాన్నా? పుల్లాయనా?"

"నాకు తెలుసు."

"తెలిసి కట్టారు."

"అందుకే కదా మడత పెట్టాను!" అన్నాడు. గొంతు తగ్గించాడు, అదేదో మా ఇద్దరి మధ్య ముద్దుముచ్చట అన్నట్టు. "నువ్వెప్పుడో ఒకప్పుడు చూస్తావని తెలుసు. చూస్తే ఊరుకోవనీ తెలుసు. నీకు సులువుగా ఊడిరావాలని పెట్టాను. నాన్నకు ఎదురు చెప్పడం నా వల్ల కాదు, నువ్వైతే చెప్పగలవు."

నేనాయన్ని కిందినుంచి పైదాకా చూశాను. దుర్మార్గుడైతే బావుండేదనిపించింది. దుర్మార్గుణ్ణి తిట్టి ఊరుకోవచ్చు. ఈయన తన ధైర్యాన్ని కూడా నాచేత చేయించుకోవడానికి టేపు కొసన గుర్తు పెట్టి, ఇంటికొచ్చి, అన్నం తిని, నా పక్కన పడుకుని నిద్రపోయాడు. ఛీ అనిపించింది. చర్మం మీద ఏదో పాకినట్టు అసహ్యం వేసింది.

"ఎలుక చావకపోయి ఉంటే?" అన్నాను.

చెత్తడబ్బా వైపు చూశాడు.

"నేనివాళ ఆ పలక తీసేదాన్ని కాదు. మీ మాట నమ్మి నా తాళం తీసేసేదాన్ని. మీరు ఆఁ అన్నారు నాతో."

అంతలో లోపలినుంచి మామయ్య కేకేశారు. "లైన్‌మన్ వచ్చాడర్రా! తాళాలు తీస్తే ఆయన స్తంభం మీద లైన్ కలుపుతాడట!"

లోపలికి వెళ్తూ నేను ఒక నిర్ణయానికి వచ్చాను. నా తాళం నేను తియ్యను. అది ఉన్నంతవరకు స్విచ్ లేవదు, ఆ ఆడవాళ్ల ప్రాణాలకు వచ్చే భయం లేదు. కనక ఆ గదిలో ప్రమాదంలో ఉన్నవాడు మా ఆయన ఒక్కడే. ఈయన మనిషో కాదో ఇప్పుడు తేలిపోతుంది. నేను నోరు విప్పకుండా చూస్తాను, తన తాళం తను తీస్తాడో లేదో చూస్తాను.

మామయ్య పెళ్లిపెద్దలా ముందుకొచ్చి ఇత్తడి తాళం తీసి, జేబులో వేసుకున్నారు. ఆవిరమ్మ, ఆమె వెనక నలుగురైదుగురు ఆడవాళ్లు గుమ్మంలో నిలబడ్డారు. లైన్‌మన్ బయట నిచ్చెన దగ్గర ఉన్నాడు. పుల్లాయన కొత్త ముక్క ఏరుకున్నాడు.

"తియ్యరా" అన్నారు మామయ్య కొడుకుతో.

మా ఆయన జేబులోంచి చెవి తీశాడు. నా వైపు చూశాడు. నేను గోడను చూశాను. చెయ్యి తాళం దాకా వెళ్లి ఆగింది. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది ముఖం, పాపం. పాపం అని నాకు అనిపించినందుకు నామీద నాకే రోత పుట్టింది. తర్వాత చెవి తిరిగింది, ఎర్ర తాళం ఊడింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని, మళ్లీ నా వైపే చూశాడు. ఇక నువ్వు అడ్డుపడు అని ఆ చూపు అర్థం. నీలం రిబ్బను తాళం ఒక్కటే మిగిలిందని ఆయనకు ఎంత నిశ్చింత!

"కోడలుపిల్లా, నీదే ఆలస్యం" అన్నారు మామయ్య.

"తియ్యను మామయ్యా. పలక వెనక లావు తీగకు పాత సన్న తీగ అతికారు. అది అక్కడుండగా తియ్యను."

ఈగల చప్పుడు వినిపించింది. మామయ్య ముఖం ఎర్రబడింది. "భూమికి దించే తీగకి సన్నది చాలదూ? నీకు ఊహ తెలియకముందు నుంచి..."

"కడ్డీకి చాలు. ఇది కడ్డీ కాదు, పైపు."

"అందరిముందూ ఇంటి పరువు తీస్తున్నావా?"

"పరువు ఆ సందులో ఉంది మామయ్యా, ఎలుక పక్కన. మీరే వెళ్లి తెచ్చుకోండి."

పుల్లాయన గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా, నాకు కనపడినంత వరకు లావుగానే ఉంది. నేను బాగుంది అని చెప్పేశాను కూడా. ఇప్పుడు ఈ గొడవంతా..."

"మీకు కనపడలేదంటే మీరు వంగలేదు కనక. ఇదిగో టార్చి. పోయి చూసి రండి. ఆ పుల్ల కాస్త బయట పెట్టి వెళ్లండి సార్, లోపల పురుగులున్నాయి, పొరపాటున అంటుకుంటాయి."

గుమ్మంలో ఎవరో కిసుక్కున నవ్వారు. పుల్లాయన టార్చి అందుకోలేదు. గోడకు ఆనించిన సంచి తీసుకుని, మీరు మీరు తేల్చుకున్నాక పిలవండి అని వెళ్లిపోయాడు. లైన్‌మన్ నిచ్చెన మడిచాడు.

ఆవిరమ్మ నాతో మాట్లాడలేదు. నేరుగా మా ఆయన దగ్గరికి వెళ్లింది. ఆమె అరచేతులు నీళ్లలో నాని, తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి. వాటిని ఆయన ముఖం ముందు చాపింది.

"ఆ అమ్మాయి అడ్డుపడకపోతే రేపు ఈ చేతులతో మిషను తలుపు తీసేదాన్ని. నీ తాళం నువ్వు తీసేశావు బాబూ, నేను చూశాను. తియ్యొచ్చనే తీశావా?"

ఆయన కుక్కిన పేనులా నిలబడ్డాడు. నేను సాయం వెళ్లలేదు. ఎప్పుడూ వెళ్లేదాన్ని.

మర్నాడు మామయ్య రాలేదు. తలనొప్పి అని కబురు. మేమిద్దరమే కొత్త రాగితీగ చుట్ట దించుకుని లాండ్రీకి వెళ్లాం. గది గుమ్మంలో ఆయన, "నిన్న నువ్వు నిలబడ్డావు చూడు, నాకెంత ధైర్యమొచ్చిందో" అన్నాడు.

మెచ్చుకోలు అనుకున్నాడు. నాకు ఒంట్లో మిగిలిన ఓపిక కూడా పోయింది.

"ఆ ఎలుక చచ్చి చేసిన పని మీరు బతికుండి చెయ్యలేకపోయారండీ" అన్నాను. "నన్ను పొగడకండి, దానికి దణ్ణం పెట్టుకోండి."

ఆ మాట తగిలింది. తగిలినట్టు కనపడింది. ఏదో అనబోయి, ఆగి, జేబులోంచి ఎర్ర తాళం తీశాడు. వెళ్లి స్విచ్ పిడికి వేశాడు, నాదాని పక్కన. నేను నా చెవి తీసి, నా తాళం ఊడదీసుకుని, రిబ్బనుతో సహా సంచిలో పడేశాను.

"ఇదేంటి?" అన్నాడు, కంగారుగా.

"ఇవాళ మీదొక్కటే ఉంటుంది. నేను సందులోకి రాను, చూడను, బాగుందనీ బాగాలేదనీ అనను. మీరు తియ్యొచ్చనుకున్నప్పుడు తియ్యండి. నిన్న నా తాళం ఉందన్న ధైర్యంతోనే మీది తీశారు. ఇవాళ అది లేదు."

బయటికొచ్చి ఆవిరమ్మ పక్కన బల్ల మీద కూర్చున్నాను. నా మాట నేను నిలబెట్టుకోగలనని నాకే నమ్మకం లేదు. లోపల పలక ఊడిన చప్పుడైంది. తర్వాత ఆయన ఓకరించిన చప్పుడు. ఆవిరమ్మ నా వైపు చూసింది, నేను కదల్లేదు. దూది సంచులు ఒకటొకటిగా గుమ్మం బయటికి వచ్చాయి. మొదటి సంచి ఆయన చేతులు చాపి, ముఖం తిప్పుకుని తెచ్చాడు. తర్వాతి వాటిని భుజాన వేసుకుని తెచ్చాడు. అడ్డం పెట్టుకున్న రుమాలు ఎప్పుడో పడిపోయినట్టుంది. జుట్టులో, కనుబొమల్లో, చెవుల్లో బూడిదరంగు పొట్టు. చొక్కా ముందు భాగాన ఎలుక మరక. పాత సన్న తీగను చుట్ట చుట్టి నా కాళ్ల దగ్గర పడేసి, ఏమీ అనకుండా మళ్లీ లోపలికి పోయాడు.

లైన్‌మన్ వచ్చాడు. పుల్లాయన కూడా వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "అయిందా?" అన్నాడు. ఈసారి పుల్ల వెదురుది.

"నన్నడక్కండి" అన్నాను.

లోపలినుంచి మా ఆయన గొంతు వచ్చింది. "ఇంకా అవ్వలేదు. పైపు దగ్గర బిగింపు కింద తుప్పుంది. గీకాలి."

"ఆ మాత్రం తుప్పుకు..." అన్నాడు పుల్లాయన.

"అవ్వలేదన్నాను కదా సార్!"

ఆ గొంతు నేను పెళ్లయినప్పటినుంచీ వినలేదు. పుల్లాయన నోట్లో పుల్ల ఒక వైపు నుంచి రెండో వైపుకు మారింది. లైన్‌మన్ గొణుక్కుంటూ వెళ్లి నీడలో కూర్చున్నాడు. ఉక్కు బ్రష్‌తో గీకుతున్న చప్పుడు చాలాసేపు వినపడింది. నేను లేచి వెళ్లి చూడాలని ఎన్నిసార్లు అనుకున్నానో నాకే తెలుసు. ఆవిరమ్మ నా మోకాలి మీద తన తడి చెయ్యి వేసి ఉంచింది.

చివరికి బయటికొచ్చాడు. చేతిలో టేపు చుట్ట ఉంది, అలవాటు కొద్దీ తీసుకెళ్లి ఉంటాడు. బోర్డు నుంచి పైపు దాకా ఒకే ముక్క తీగ వేశాక, అతుకే లేనప్పుడు, టేపుకు పనేముంది? దాన్ని ఒకసారి చూసుకుని జేబులో పెట్టుకున్నాడు. నా వైపు చూడలేదు. వచ్చి ఆవిరమ్మ ఎదురుగా నిలబడ్డాడు.

"పెద్దమ్మా, నేను తాళం తీస్తున్నాను. స్విచ్ ఎత్తాక మొదటి మిషను తలుపు నేనే తెరుస్తాను, చేతులు తడుపుకుని. తర్వాత మీ పిల్లలు తెరవొచ్చు."

అలాగే చేశాడు. ఆ ఇనుప తలుపు మీద ఆయన తడి చెయ్యి పడిన క్షణాన నేను బల్ల మీంచి లేచి నిలబడ్డాను. ఏమీ కాలేదు. మిషన్లు ఒకదాని వెంట ఒకటి గుర్రుమన్నాయి, ఆడవాళ్లు ముక్కులు మూసుకుని కంపుకొట్టే దుప్పట్ల కుప్ప మీద పడ్డారు.

ఇంటికి బండి నేను నడిపాను. ఆయన వెనక కూర్చున్నాడు. కుళ్లిన ఎలుక, తుప్పు, చెమట, పాత దూది, అన్నీ కలిసి వస్తున్నాయి. కూడలిలో ఆగినప్పుడు పక్క బండివాడు మా వైపు చూసి ముఖం చిట్లించి, ముక్కు మూసుకుని, ఇంకాస్త అవతలికి జరిగాడు.

నేను మూసుకోలేదు. ఇవాళ్టికి ఆయనకు నేనివ్వగలిగింది అంతే.